నూనె నీళ్ళకు ఏ పద్ధతి, ఎంత ఖర్చు?

పోయిన నెల మేడమీది నీళ్ళ ట్యాంకు ఎలా కడుక్కోవాలో రాశాను కదా, పులియంతోపు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ పడిపోయింది నాయనా, రెండు రోజులు కాఫీ కూడా అదే వాసన" అన్నారు. తప్పు నాదే. చెంచా అన్నాను గానీ ఏ చెంచానో రాయలేదు. టీ చెంచా అమ్మా, గరిటె కాదు.

ఈ నెల విషయం కొంచెం పెద్దది. పెరంబూరు నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వాళ్ళాయన బి అండ్ సి మిల్లులో స్పిన్నింగ్ డిపార్ట్‌మెంట్లో పని చేసి, 1996లో మిల్లు మూతబడ్డాక వాచ్‌మన్ పని చేసి కొడుకును డిప్లొమా చదివించాడు. ఆ అబ్బాయి ఇప్పుడు కంపెనీల మురికినీళ్ళ శుద్ధి ప్లాంట్లు, అదే మనం ఈటీపీ అంటామే, అవి కట్టించే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో ఉన్నాడు. ఉత్తర చెన్నైలో ఒక నూనె కంపెనీకి ప్లాంటు కట్టడానికి కొటేషన్ ఇవ్వాలట. "మూడు పద్ధతులు పోల్చి ఒక షీటు తయారు చెయ్యి, ఏది చవకో కింద రాసి సంతకం పెట్టు" అన్నాడట మేనేజరు. అబ్బాయికి ఏదో తేడాగా అనిపించింది. రెండు రాత్రులు నిద్ర పోలేదట. "అన్నా, నువ్వు ఆ నీళ్ళ దగ్గరే కదా ఇన్నేళ్ళు ఉన్నది. వాడికి కాస్త చెప్పు. సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుందేమో, పెడితే ఇంకేమవుతుందో" అని రాసింది.

అబ్బాయిని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. మన ఇళ్ళలో మణలి, ఎన్నూరు, గుమ్మిడిపూండి వైపు పనికి పోయే పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

గంజి నీళ్ళు వేరు, నూనె నీళ్ళు వేరు

మా నాయన మిల్లులో సైజింగ్ దగ్గర ఉండేవాడు. పడుగు నూలుకు గంజి పట్టించే పని. నేసిన గుడ్డకు రంగు వెయ్యాలంటే ఆ గంజి మళ్ళీ కడగాలి. కడిగిన నీళ్ళు రెండు రోజులు నిలవుంటే పులిసి కంపు కొట్టేవి. ఎందుకు? గంజి అంటే పిండే. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులకు అది పెళ్ళి భోజనం. వచ్చి పడి తినేస్తాయి, తింటూ నీళ్ళలోని ఆక్సిజన్ వాడేస్తాయి. ఒక లీటరు నీళ్ళలో ఉన్న మురికిని తినడానికి ఆ జీవులకు ఎంత ఆక్సిజన్ కావాలి అన్న కొలతనే బి.ఓ.డి. అంటారు. మందులు పోసి రసాయనంగా కాల్చి కొలిస్తే వచ్చేది సి.ఓ.డి.

రిఫైనరీ నీళ్ళు ఇంత సుళువు కాదు. ముడి చమురులో ఉప్పు ఉంటుంది. దాన్ని నీళ్ళతో కడుగుతారు. ఆ నీళ్ళు, ఆవిరి చల్లబడి వచ్చే పుల్ల నీళ్ళు, ట్యాంకుల అడుగున తీసే నీళ్ళు, నేల కడిగినవి, వాన నీళ్ళు అన్నీ కలిసి ఈటీపీకి వస్తాయి. అందులో నూనె, ఫినాల్, సల్ఫైడ్, అమ్మోనియా ఉంటాయి. ఫినాల్ అంటే మన ఇళ్ళలో నేల తుడిచే ఫినాయిల్‌కు చుట్టం. క్రిములను చంపే సరుకునే క్రిములతో తినిపించాలన్నమాట. అలవాటు చేస్తే తింటాయి. ఒక్కసారిగా కుమ్మరిస్తే చస్తాయి.

అందుకని జీవుల దగ్గరికి పోకముందే నూనె తీసెయ్యాలి. మొదట ఏ.పి.ఐ. సెపరేటర్ అని పొడుగాటి తొట్టి. నీళ్ళు నెమ్మదిగా కదులుతుంటే పెద్ద నూనె బొట్లు పైకి తేలతాయి. 150 మైక్రాన్ల కంటే పెద్ద బొట్లకే అది పనికొస్తుంది. పాలలో నీళ్ళలా కలిసిపోయిన సన్న బొట్లకు ఇంకో తొట్టి ఉంది, డి.ఏ.ఎఫ్. అంటారు. సోడా బుడ్డి మూత తీస్తే బుడగలు వస్తాయి చూడండి, అలాంటి సన్న బుడగలు వదిలి నూనెను నురగలా పైకి తెచ్చి గీకేస్తారు. ఆ తర్వాత ఈక్వలైజేషన్ ట్యాంకు. దీని గురించి తర్వాత చెప్తాను. ఈ కథంతా దాని చుట్టూనే ఉంది.

మిల్లుల ఊళ్ళోనే పుట్టిన పద్ధతి

జీవులతో నీళ్ళు శుద్ధి చేసే పద్ధతుల్లో పెద్దన్న యాక్టివేటెడ్ స్లడ్జ్. ఇది 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెన్, లాకెట్ అనే ఇద్దరు బయటపెట్టారు. మాంచెస్టర్ అంటే మనకు తెలుసు కదా, నూలు మిల్లుల ఊరు. వాళ్ళు చేసింది చిన్న మార్పే. మురికినీళ్ళలోకి గాలి ఊదితే శుద్ధి కావడానికి వారాలు పట్టేది. అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా ఉంచి, దాని మీద కొత్త మురికినీళ్ళు పోసి మళ్ళీ గాలి ఊదారు. వారాల పని గంటల్లోకి వచ్చేసింది. ఆ బురదంతా ఆకలితో ఉన్న జీవులే మరి. మన ఇళ్ళలో పాత పిండి కొంచెం ఉంచి కొత్త పిండిలో కలిపితే తొందరగా పులుస్తుంది చూడండి, అదే సూత్రం.

ఒక ట్యాంకులో గాలి, పక్కన గుండ్రటి తొట్టిలో బురద దిగడం, దిగిన బురదలో ఎక్కువ భాగం మళ్ళీ మొదటి ట్యాంకుకు. అంతే. వందేళ్ళు దాటినా రిఫైనరీల్లో ఇదే ఎక్కువ.

రెండోది ఎస్.బి.ఆర్. గాలి ఊదడం, బురద దించడం రెండూ ఒకే ట్యాంకులో వంతులవారీగా చేస్తుంది. గుండ్రటి తొట్టి ఖర్చు మిగులుతుంది. కానీ వాల్వులు, టైమర్లు, కంప్యూటరు సరిగా ఆడాలి. కరెంటు సరిగా లేని చోట తలనొప్పి.

మూడోది ఎం.బి.బి.ఆర్. నార్వేలో 1980ల చివర్లో వచ్చింది. చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు, లోపల అరలు ఉంటాయి, ట్యాంకులో సగం దాకా నింపి గాలితో తిప్పుతారు. జీవులు ఆ ప్లాస్టిక్‌కు పాచిలా పట్టుకుంటాయి. ఒక ఘనమీటరు చక్రాల్లో పాచి పట్టే చోటు 500 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అంటే మన పాత మిల్లు క్వార్టర్లు ఒక వరసంతా పరిచినంత. కాబట్టి ట్యాంకు చిన్నది చాలు. విషపు నీళ్ళు వచ్చినా పాచి లోపలి పొరలో జీవులు కొన్ని మిగులుతాయి, తొందరగా తేరుకుంటుంది. అయితే నూనె ఎక్కువ వస్తే చక్రాలకు జిడ్డు పట్టి గుంపుగా జల్లెడకు అడ్డం పడతాయి. ఆ జల్లెడ మూసుకుపోతే ట్యాంకు పొంగుతుంది.

నాలుగోది ఎం.బి.ఆర్. బురద కిందికి దిగే దాకా ఆగకుండా, సన్నటి రంధ్రాలున్న పొరల గుండా నీళ్ళు లాగేస్తారు. మామూలు ట్యాంకులో లీటరుకు 2 నుంచి 4 గ్రాముల బురద ఉంటే ఇక్కడ 8 నుంచి 12 గ్రాముల దాకా ఉంచొచ్చు. వచ్చే నీళ్ళు అద్దంలా ఉంటాయి, నేరుగా ఆర్.ఓ.కు పంపొచ్చు. కానీ ఆ పొరలకు నూనె అంటే పడదు. ఒకసారి గట్టిగా పట్టిందంటే పోవడం కష్టం. పొరలకు ఆయుష్షు కూడా ఉంటుంది, కొన్నేళ్ళకోసారి మొత్తం మార్చాలి.

గాలి లేకుండా చేసే యు.ఎ.ఎస్.బి. సంగతి అబ్బాయి అడిగాడు. డిస్టిలరీకి, గంజి నీళ్ళకు అది బంగారం. గ్యాసు కూడా వస్తుంది. కానీ రిఫైనరీ నీళ్ళలో మురికి అంత చిక్కగా ఉండదు, గ్యాసు గిట్టుబాటు కాదు. పైగా సల్ఫేటు ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన గ్యాసు తయారవుతుంది. దాన్ని షీటులోంచి తీసెయ్యమన్నాను.

ఇక డబ్బు లెక్క

ఇక్కడ పలక బలపం తీసుకోండి. ఇది ఏ రిఫైనరీ లెక్కా కాదు. అబ్బాయికి చేత్తో వేసి చూపించిన గుండ్రటి లెక్క. కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకున్నాను. మీ కంపెనీలో వేరేగా ఉంటే దాంతో గుణించుకోండి.

గంటకు 100 కిలోలీటర్ల నీళ్ళు. లీటరుకు బి.ఓ.డి. 200 మిల్లీగ్రాములు, అమ్మోనియా నైట్రోజన్ 20. అంటే గంటకు బి.ఓ.డి. 20 కిలోలు, అమ్మోనియా నైట్రోజన్ 2 కిలోలు. బి.ఓ.డి. కిలోకు ఆక్సిజన్ 1.2 కిలోలు చొప్పున 24 కిలోలు. అమ్మోనియా తిండిపోతు, కిలోకు 4.57 కిలోల ఆక్సిజన్ తాగుతుంది, అది 9 కిలోలు. మొత్తం గంటకు 33 కిలోల ఆక్సిజన్.

ఇప్పుడు ఆ ఆక్సిజన్‌ను నీళ్ళలోకి ఎలా దించుతాం అన్నదే కరెంటు బిల్లు.

అడుగున సన్న రంధ్రాల రబ్బరు డిఫ్యూజర్లు పెట్టి సన్న బుడగలు వదిలితే, యూనిట్‌కు 2 కిలోల ఆక్సిజన్ దిగుతుందనుకుందాం. గంటకు 16 యూనిట్లన్నర. ఏడాదికి పదకొండున్నర లక్షల రూపాయలు. కిలోలీటరుకు 1 రూపాయి 32 పైసలు.

పైన తిరిగే పాతకాలం ఏరేటర్లయితే యూనిట్‌కు 1.2 కిలోలు. ఏడాదికి 19 లక్షల పైన. కిలోలీటరుకు 2 రూపాయల 20 పైసలు.

ఎం.బి.బి.ఆర్.లో చక్రాలు తిరగాలి కాబట్టి పెద్ద బుడగలు వదులుతారు. పెద్ద బుడగ గబుక్కున పైకి పోతుంది, ఆక్సిజన్ తక్కువ దిగుతుంది. యూనిట్‌కు 1.1 కిలోలు అనుకుంటే ఏడాదికి 21 లక్షలు. కిలోలీటరుకు 2 రూపాయల 40 పైసలు.

ఎం.బి.ఆర్.లో బురద చిక్కన కాబట్టి యూనిట్‌కు 1.5 కిలోలే. దానికి తోడు పొరలను గాలితో ఎప్పుడూ తోముతూ ఉండాలి, కిలోలీటరుకు ఇంకో 0.4 యూనిట్. మొత్తం గంటకు 62 యూనిట్లు. ఏడాదికి 43 లక్షల పైన. కిలోలీటరుకు దగ్గర దగ్గర 5 రూపాయలు. పొరలు మార్చే ఖర్చు ఇంకా కలపలేదు.

ట్యాంకుల సంగతి చూస్తే తిరగబడుతుంది. ఇదే మురికికి యాక్టివేటెడ్ స్లడ్జ్‌కు సుమారు 1,300 ఘనమీటర్ల ట్యాంకు కావాలి, పక్కన గుండ్రటి తొట్టి అదనం. ఎం.బి.ఆర్.కు 700 చాలు. ఎం.బి.బి.ఆర్.కు బి.ఓ.డి. వరకు 500 చాలు, అమ్మోనియా కూడా పోవాలంటే దాని వెనక ఇంకో ట్యాంకు, బురద తియ్యడానికి ఇంకో తొట్టి. స్థలం బాగా ఉన్నవాడికి ఒక లెక్క, మణలిలో పైపుల మధ్య ఇరుక్కున్నవాడికి ఇంకో లెక్క.

ఇందులో కొటేషన్లలో ఎవరూ రాయని ఖర్చు బురద. రోజుకు 480 కిలోల బి.ఓ.డి. తింటే, సుమారు 190 కిలోల ఎండు బురద మిగులుతుంది. ప్రెస్సులో పిండినా దాంట్లో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే. రోజుకు ఇంచుమించు ఒక టన్ను. ఏడాదికి 350 టన్నులు. నూనె తగిలిన బురదను మామూలు చెత్తలో వెయ్యకూడదు, ప్రమాదకర వ్యర్థాల రూల్సు ఉన్నాయి, గుమ్మిడిపూండిలో దానికోసం కట్టిన చోటికి పంపాలి. లారీతో కలిపి టన్నుకు 3,000 అనుకున్నా పదిన్నర లక్షలు. సన్న బుడగల కరెంటు బిల్లు ఎంతో బురద బిల్లూ అంత! అబ్బాయి షీటులో ఈ వరసే లేదు.

ఇంకో చిన్న ఖర్చు. జీవులకు బి.ఓ.డి. 100 పాళ్ళకు నైట్రోజన్ 5, భాస్వరం 1 పాలు కావాలి. నూనె నీళ్ళలో అమ్మోనియా ఉంటుంది గానీ భాస్వరం దాదాపు ఉండదు. రోజుకు 5 కిలోల భాస్వరం అంటే అర మూట డి.ఏ.పి. అది వెయ్యకపోతే బురద దిగదు, దూదిలా తేలుతుంది. కూలివాడికి అన్నం పెట్టి కూర మానేసినట్టు.

ఆ రాత్రి షిఫ్టు

ఇంతవరకు చూస్తే "మామా, అయితే సన్న బుడగల యాక్టివేటెడ్ స్లడ్జే చవక, మా మేనేజరు చెప్పిందే కరెక్టు" అన్నాడు అబ్బాయి. పద్ధతి వరకు కరెక్టే రా, డ్రాయింగ్ చూపించు అన్నాను. చూస్తే ఈక్వలైజేషన్ ట్యాంకు లేదు. 1,200 కిలోలీటర్లు, అంటే 12 గంటల నీళ్ళు పట్టే ట్యాంకు. దాన్ని తీసేసి ధర తగ్గించారు. షీటులో మాత్రం ఎక్కడా ఆ మాట లేదు.

అప్పుడు వాడికి నా కథ చెప్పాల్సి వచ్చింది. నేను పని చేసిన చోట్ల ఒకటి, పేరు వద్దు. అక్కడా ఈ ట్యాంకు ఉండేది, కానీ రిపేరు కోసం ఖాళీ చేసి, నీళ్ళను నేరుగా జీవుల ట్యాంకుకు తిప్పారు. "నాలుగు రోజులే" అన్నారు. మూడో రాత్రి నా షిఫ్టు. రెండు గంటలప్పుడు ప్లాంటు నుంచి నూనె, సల్ఫైడ్ కలిసిన నీళ్ళు ఒక్కసారి వచ్చాయి. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నాకు తెలిసింది వాసనతోనే. తెల్లారేసరికి చాక్లెట్ రంగులో ఉండాల్సిన ట్యాంకు బూడిద రంగుకు తిరిగింది. లీటరు జాడీలో బురద పోసి అరగంట చూస్తే కిందికి దిగడమే లేదు. మైక్రోస్కోపులో ఎప్పుడూ గిరగిరా తిరిగే ప్రాణులు ఒక్కటీ కదలడం లేదు. నవ్వకండి, నాకు ఏడుపొచ్చింది. రోజూ తిండి పెట్టి పెంచినవి కదా.

మళ్ళీ నిలబెట్టడానికి మూడు వారాలు పట్టింది. కార్పొరేషన్ మురికినీళ్ళ ప్లాంటు నుంచి ట్యాంకర్లలో బురద తెచ్చి పోశాం. పేడ కలిపాం. నీళ్ళు పంపడానికి చోటు లేక ప్లాంటు సగానికి తగ్గించారు. ఆ నష్టం ఏ కొటేషన్లో ఉంటుంది?

అదీ పెద్ద సంగతి కాదు. ఆ హడావిడిలో నూనె గుంట కడగమని ఇద్దరు కాంట్రాక్టు పిల్లల్ని దించారు. సల్ఫైడ్ ఉన్న నీళ్ళలో యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు లేస్తుంది. కొంచెంగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కాబట్టి గ్యాసూ పోయిందనుకుంటారు. మొదట దిగినవాడు నిచ్చెన మీదే కూలిపోయాడు. రెండోవాడు వాణ్ణి పట్టుకోబోతుంటే చొక్కా పట్టి వెనక్కి లాగాను. మొదటివాడు బెల్టు, తాడు కట్టుకుని దిగాడు కాబట్టి పైకి లాగగలిగాం. బతికాడు. తాడు లేకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు. ఇలాంటి చావుల్లో కాపాడబోయి పోయేవాళ్ళూ చాలామంది.

మన ఇళ్ళలో పిల్లలు ఆ పనికి పోతుంటే మూడు మాటలు చెప్పండి. గ్యాసు మీటరు పెట్టి చూడకుండా గుంటలోకి తల కూడా పెట్టొద్దు. తాడు లేకుండా దిగొద్దు. లోపలివాడు పడిపోతే వెనకే దూకొద్దు, పైనుంచి లాగాలి. మేస్త్రీ తిడతాడు. తిట్టనివ్వండి.

కాలువ దాటితే ఎవరి ఇల్లు?

ఈక్వలైజేషన్ ట్యాంకు చేసేది ఇంతే. వచ్చిన నీళ్ళను కలిపి, పొద్దుటి ఉప్పును రాత్రి చప్పదనంతో సరిచేసి, జీవులకు రోజంతా ఒకే రకం తిండి పంపుతుంది. మనింట్లో కుండలో నీళ్ళు నిలవ చేసి వాడుకోవడం లాంటిదే. అది లేకపోతే పై నాలుగు పద్ధతుల్లో ఏదీ నిలబడదు. ఎం.బి.బి.ఆర్. కాస్త ఓర్చుకుంటుంది, ఎం.బి.ఆర్. అయితే పొరలతో సహా పోతుంది.

జీవులు చచ్చిపోయిన రోజున నీళ్ళు ఎక్కడికి పోతాయి? 2008లో కేంద్ర ప్రభుత్వం రిఫైనరీలకు కొత్త హద్దులు పెట్టింది. లీటరుకు నూనె 5 మిల్లీగ్రాములు, బి.ఓ.డి. 15, సి.ఓ.డి. 125, ఫినాల్ 0.35, సల్ఫైడ్ 0.5, అమ్మోనియా నైట్రోజన్ 15 దాటకూడదు. కాగితం మీద బాగానే ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మణలి పరిశ్రమల వైపు నుంచి వరదతో పాటు నూనె బకింగ్‌హాం కాలువ మీదుగా ఎన్నూరు క్రీక్‌కు చేరింది. పడవలు, వలలు జిడ్డుతో నల్లబడ్డాయి. జాలర్లే బకెట్లతో నూనె తోడారు. హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది. వానకు నూనె నేలల మీది నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి అన్న ప్రశ్నకు ముందే చోటు కట్టుకోకపోతే, జీవుల ట్యాంకు ఎంత మంచిదైనా లాభం లేదు.

ఎన్నూరులో సముద్రంలో కలిసే కొసస్తలయ్యారు ఎవరిదనుకుంటున్నారు? మన నగరి వైపు కుశస్థలి అంటామే, ఆ నదే. పైనున్న ఊళ్ళలో చుట్టాలు, కింద ఊళ్ళలో మనం.

ఇంకో పక్క మంచి సంగతీ ఉంది. మణలి రిఫైనరీని మన పెద్దవాళ్ళు ఇంకా ఎం.ఆర్.ఎల్. అనే అంటారు, 1969లో మొదలైంది, ఇప్పటి పేరు చెన్నై పెట్రోలియం. నీళ్ళ కరువు పడలేక మన ఊరి మురికినీళ్ళనే శుద్ధి చేసి, ఆర్.ఓ. పట్టి వాడుకోవడం 1990ల మొదట్లోనే మొదలుపెట్టింది. 2019లో నాలుగు చెరువులూ ఎండిపోయి మనం బిందెలతో లారీల వెనక పరిగెత్తాం చూడండి, ఆ ఏడాదే కొడుంగయూర్‌లో రోజుకు 4 కోట్ల 50 లక్షల లీటర్ల ప్లాంటు తెరిచారు. పెరంబూరు, వ్యాసర్పాడి వైపు ఇళ్ళలో మనం పారబోసిన నీళ్ళే జీవుల కడుపులోంచి, పొరల్లోంచి పోయి మణలి కంపెనీలకు చేరుతున్నాయి. కంపెనీ తాగని ప్రతి చుక్క మంచినీళ్ళూ మన కొళాయికి మిగిలినట్టే. కాబట్టి ఎం.బి.ఆర్. ఖర్చు ఎక్కువని కొట్టిపారెయ్యకూడదు. శుద్ధి చేసిన నీళ్ళు కాలువకు పోయేదయితే అది దండగ. మళ్ళీ ఆర్.ఓ.కు పెట్టి వాడుకునేదయితే, ఆ మిగిలే నీళ్ళ ధర కూడా పక్కన వేసి చూడాలి. అప్పుడు లెక్క మారుతుంది.

అబ్బాయి ఏం చేశాడు

"చవక ఏది?" అన్న ప్రశ్నకు నేను వాడికి ఇచ్చిన జవాబు ఇది. స్థలం ఉంది, నీళ్ళు కాలువకే పోతాయి అంటే సన్న బుడగల యాక్టివేటెడ్ స్లడ్జ్. స్థలం తక్కువ, నీళ్ళ గుణం రోజుకో రకం అంటే ఎం.బి.బి.ఆర్. నీళ్ళు తిరిగి వాడాలి, నూనె తీసే ముందు పని గట్టిగా ఉంది అంటే ఎం.బి.ఆర్. అన్నిటికీ ముందు ఈక్వలైజేషన్ ట్యాంకు. దాన్ని తీసేసిన షీటులో ఏది చవకో చెప్పడం, పునాది లేకుండా ఏ పెయింటు చవకో చెప్పడం లాంటిది.

సంతకం సంగతి అడిగాడు. సంతకం పెట్టొద్దు అని నేను చెప్పలేదు. ఇంటి అద్దె కట్టేది వాడు, నేను కాదు. ఒక్క వాక్యం చేర్చమన్నాను. "ఈ ధరలో ఈక్వలైజేషన్ ట్యాంకు, బురద తరలింపు చేర్చలేదు." అబద్ధం కాదు, తిరుగుబాటూ కాదు. ఉన్నది రాయడమే. 1918లో ఇదే పెరంబూరులో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టిన రోజుల్లో మన తాతలు అడిగింది కూడా పెద్ద పెద్ద మాటలు కాదు, తిండికి ఇచ్చే విరామం కొంచెం పొడిగించమని, మనిషిగా చూడమని. చిన్న మాటే. రాతలో ఉండాలి, అంతే.

బుధవారం రాత్రి ఫోన్ చేశాడు. మేనేజరు అరిచాడట, "నిన్నెవడు రాయమన్నాడు" అని. ఒక గంట పోయాక పిలిచి, ట్యాంకుతో ఒక ధర, ట్యాంకు లేకుండా ఒక ధర, రెండూ వేసి పంపమన్నాడట. ఆ నూనె కంపెనీ ఏది తీసుకుంటుందో ఇంకా తెలియదు. ఉద్యోగం ఉంది. వాళ్ళమ్మ పక్కనుంచి ఫోన్ లాక్కుని, "అన్నా, వాడు నిన్న రాత్రి పడుకున్నాడు" అంది.

ఏ సంగతీ తేలాక రాస్తాను. వచ్చే నెల, చాలామంది అడుగుతున్న ఆర్.ఓ. ఫిల్టరు విషయం: మన ఇంటి ఫిల్టరు పారబోసే నీళ్ళతో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు. మీ ఇంట్లో బకెట్ పెట్టి కొలిచి, తాగే నీళ్ళు ఎన్ని చెంబులు, పారే నీళ్ళు ఎన్ని చెంబులో రాసి పంపండి. ఈసారి ఏ చెంబో కూడా రాయండి.